పాత కారులో చెక్ ఇంజిన్ లైటు, మిస్సింగ్: కోడ్ రీడర్ కొనాలా, ఆటోనగర్‌కు వెళ్లాలా, కంపెనీ సర్వీసుకు ఇవ్వాలా?

పాత పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగితే విజయవాడలో మనకు మూడు దారులున్నాయి. ఫోనుకు కలిసే చిన్న కోడ్ రీడర్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన తేడా కోడ్‌ను చదివే పరికరం) కొనుక్కుని మనమే చూసుకోవచ్చు. ఆటోనగర్‌లో స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్లవచ్చు. లేదా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వదిలిపెట్టవచ్చు. మీకు ఏది సరిపోతుందనేది కారు ఏ సంవత్సరానిది, లక్షణం ఏమిటి, మీరు బానెట్ ఎత్తి ఎంతవరకు చూడగలరు అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. ఏ దారిన వెళ్లినా ఒక సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. కోడ్ చెప్పేది తేడా ఎక్కడ కనిపించిందో మాత్రమే, ఏ పార్టు పోయిందో కాదు. క్యామ్ సెన్సర్ (వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో చెప్పేది) కోడ్ వచ్చిందంటే ఆ సెన్సర్ నుంచి ఈసీఎంకు, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు, రావలసిన సంకేతం సరిగా రాలేదని అర్థం. సెన్సర్ పోయి ఉండవచ్చు, దాని కప్లర్ (వైర్లను కలిపే జాయింటు) వదులై ఉండవచ్చు, వైరు తెగి ఉండవచ్చు, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారి ఉండవచ్చు. ఇది తెలియక మంచి సెన్సర్లను పీకి పారేసి వేల రూపాయలు పోగొట్టుకుంటున్న కుటుంబాలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈ సలహా వారి కోసమే.

ముందు లైటును గమనించండి

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే తొందర లేదు. రెండు మూడు రోజుల్లో తీరికగా చూపించుకోవచ్చు. నడుపుతుండగా లైటు మిణుకుమిణుకుమంటూ ఇంజిన్ కుదుపుతుంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, వీలైన చోట పక్కకు ఆపేయాలి. మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం) తీవ్రంగా ఉండి, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతోందని దాని అర్థం. అలాగే బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరు దాకా లాగించారంటే కొన్ని వందల రూపాయల ప్లగ్గుతో పోయే ఖర్చు కన్వర్టర్ దాకా వెళ్తుంది. ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లినా కోడ్ రీడర్ గురించి ఆలోచించే సమయం కాదు. ఇంజిన్ ఆపేయడమే.

మరో మాట. లైటు ఆర్పడానికి బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దయచేసి కోడ్ చదవకముందు ఆ పని చేయనివ్వకండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి ఎంత స్పీడులో ఉంది అన్న వివరాలను ఈసీఎం ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. టెర్మినల్ తీస్తే చాలా కార్లలో అదంతా చెరిగిపోతుంది. తేడా అలాగే మిగులుతుంది, దాని జాడ మాత్రం పోతుంది.

చిన్న కోడ్ రీడర్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ పరికరాన్ని స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి, ఫోనులో యాప్ తెరిస్తే కోడ్ కనిపిస్తుంది. కానీ మన దేశంలో పాత కార్లన్నీ దీనికి జవాబివ్వవు. అమెరికాలో 1996 నుంచే ఓబీడీ2 (ఇంజిన్ తేడాలను కారే కనిపెట్టి కోడ్ రూపంలో చెప్పే పద్ధతి) తప్పనిసరి. మన దగ్గర బీఎస్4 (వాహనాల పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2 వచ్చాయి. పైగా 2010లో బీఎస్4 హైదరాబాద్ వంటి కొన్ని పెద్ద నగరాలకే పరిమితమైంది, దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకని ఒకే మోడల్, ఒకే సంవత్సరమైనా హైదరాబాద్ బండికి పనిచేసిన రీడర్ విజయవాడలో రిజిస్టరైన బీఎస్3 బండికి పనిచేయకపోవచ్చు.

కాబట్టి 2013 తర్వాతి బీఎస్4 పెట్రోలు కారు అయితే రీడర్ కొనడానికి వెనుకాడవద్దు. 2010 నుంచి 2013 మధ్యదైతే స్నేహితుల దగ్గరున్న దాన్ని ఒకసారి అడిగి పెట్టి చూశాకే కొనండి. అంతకు ముందుదైతే ఆ డబ్బు నేరుగా ఆటోనగర్ స్కానింగుకు పెట్టడం మేలు. అక్కడి స్కానర్లలో కంపెనీల వారీగా పాత పద్ధతులు కూడా ఉంటాయి. 16 పిన్నుల సాకెట్ కనిపించినంత మాత్రాన బండి మాట్లాడుతుందని అనుకోకండి.

రీడర్ కొనేటప్పుడు మరీ చవకవాటి విషయంలో జాగ్రత్త. పెట్టె మీద వెర్షన్ 2.1 అని ఉన్న నకళ్లలో చాలావాటికి పాత కార్లు స్కానర్‌తో మాట్లాడటానికి వాడే కె-లైన్ పద్ధతి సరిగా రాదు. కొత్త కార్లలో పనిచేసి, మన పదిహేనేళ్ల బండి దగ్గర మొరాయిస్తాయి. ఐఫోను వాడేవారు వైఫై రకమో, బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) రకమో తీసుకోవాలి. మామూలు బ్లూటూత్ రకం దానికి కలవదు. ఫోనుతో తలనొప్పి వద్దనుకుంటే తెర ఉన్న చేతి స్కానర్ తీసుకోవచ్చు. ధర ఎక్కువే, కానీ ఇంట్లో రెండు మూడు కార్లు ఉన్నవారికీ, సెకండ్ హ్యాండ్ కార్లు చూడటానికి తరచూ వెళ్లేవారికీ గిట్టుబాటు అవుతుంది. ఏది కొన్నా కోడ్ మాత్రమే చూపించే దాన్ని కొనకండి. ఇంజిన్ నడుస్తుండగా అంకెలు చూపించే లైవ్ డేటా తప్పకుండా ఉండాలి. అసలు విలువ అక్కడే ఉంది.

లైవ్ డేటాలో ఏం చూడాలి

రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో తెల్లవారుజామున, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మూడు అంకెలు చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉండాలి. మే నెల ఉదయం బయట 30 డిగ్రీలుంటే రెండూ ఆ చుట్టుపక్కలే కనిపించాలి. ఒకటి మైనస్ 40 చూపిస్తుంటే సెన్సర్ కొనడానికి పరుగెత్తకండి. ఆ దారిలో వైరు తెగినా, కప్లర్ ఊడినా వచ్చే అంకె అది. విజయవాడకు మైనస్ 40 చలి ఎలాగూ రాదు. మూడో అంకె మ్యాప్ సెన్సర్‌ది, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఒత్తిడిని కొలిచేది అది. మన ఊరు సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేదు కాబట్టి ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 100 కిలోపాస్కల్‌కు దగ్గరగా చూపాలి. ఇంజిన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు 30, 40 మధ్యకు దిగాలి. అసలు దిగకపోతే గాలి లీకు, టైమింగ్ తేడా, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని అణిచే ఒత్తిడి) తగ్గడం వంటివాటి మీద అనుమానం పెట్టుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. పెట్రోలు ఎంత కలపాలో ఈసీఎం వేసుకున్న లెక్కను ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఎంత సవరించుకుంటోందో చెప్పే శాతం అది. అటూ ఇటూ పది లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో ఇరవై దాటి, 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర తగ్గిపోతుంటే ఎక్కడో వాక్యూమ్ పైపు చిట్లి గాలి దొంగదారిన లోపలికి వస్తోంది. దానికి తలకిందులుగా, ఐడ్లింగ్‌లో బాగుండి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు పెరిగిపోతుంటే పెట్రోలు చాలడం లేదు. ఫిల్టరో, పంపో, ఇంజెక్టరో చూడాలి. ఇక్కడో మెలిక ఉంది. మన చిన్న కార్లు చాలావాటిలో గాలిని మ్యాప్ సెన్సర్‌తో లెక్కగడతారు. అలాంటి ఇంజిన్‌లో పైపు చిట్లితే ఆ అదనపు గాలిని కూడా ఈసీఎం కొంతవరకు పసిగడుతుంది కాబట్టి ట్రిమ్ అంతగా పెరగదు, ఐడ్లింగ్ మాత్రం పెరుగుతుంది. ట్రిమ్ బాగుంది కదా అని లీకు లేదని తేల్చేయకండి.

ఆక్సిజన్ సెన్సర్ విషయంలో జరిగే అన్యాయం గురించి చెప్పి తీరాలి. ఒక సిలిండర్‌లో పెట్రోలు మండకపోతే, దానితో కలవాల్సిన ఆక్సిజన్ కూడా మండకుండా సైలెన్సర్‌లోకి వస్తుంది. సెన్సర్‌కు కనిపించేది ఆ ఆక్సిజనే, కాలని పెట్రోలు కాదు. అందుకని మిశ్రమం పలచగా ఉందని అది చెబుతుంది, పీ0171 కోడ్ పడుతుంది. తన పని తాను చేసిన సెన్సర్‌ను మార్చేస్తారు. మిస్సింగ్ అలాగే ఉంటుంది, కోడ్ మళ్లీ వస్తుంది. పీ0300 నుంచి పీ0304 వరకు మిస్సింగ్ కోడ్లు, పీ0171, పీ0420 (కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్) ఒకేసారి కనిపిస్తే మిస్సింగ్‌తోనే మొదలుపెట్టండి. మిగిలినవి చాలాసార్లు దాని వెంట వచ్చినవే. సంబంధం లేని నాలుగైదు సెన్సర్ల కోడ్లు కలిసి వస్తే మాత్రం అన్నీ ఒకేసారి పోయాయని నమ్మవద్దు. మ్యాప్, త్రాటిల్ వంటి సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా ఒకే దారిలో వెళ్తుంది. ఒక చోట షార్టయితే అన్నీ తప్పు చెబుతాయి. ఎర్త్ వైరు వదులైనా, బ్యాటరీ బలహీనపడినా అంతే.

మిస్సింగ్ ఒక సిలిండర్‌లో ఉంటే: ఖర్చు లేని పరీక్ష

పీ0302 అంటే రెండో సిలిండర్. ప్రతి ప్లగ్గు మీదా విడి కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే కరెంటు పంపేది) ఉన్న ఇంజిన్ అయితే ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్‌ను మూడో దాని స్థానంలోకి, మూడో దాన్ని రెండో దాని స్థానంలోకి మార్చి, కోడ్ చెరిపి నడపండి. ఇప్పుడు పీ0303 వస్తే కాయిలే దోషి. పీ0302 అలాగే ఉంటే ప్లగ్గులను అదే విధంగా మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. ఇంజెక్టర్ దాకా వచ్చాక మెకానిక్‌కు అప్పగించడమే క్షేమం. పెట్రోలు ప్రెషర్‌లో ఉంటుంది.

విడి కాయిల్స్ లేకుండా ప్లగ్గు వైర్లున్న పాత ఇంజిన్లలో లెక్క వేరు. చాలావాటిలో ఒకటి, నాలుగు సిలిండర్లకు ఒక కాయిల్, రెండు, మూడు సిలిండర్లకు మరొకటి. ఒకటీ నాలుగూ కలిసి మిస్సవుతుంటే కాయిల్ ప్యాక్ మీదా, దాని వైరింగ్ మీదా అనుమానం. ఒక్కటే మిస్సవుతుంటే ముందు దాని వైరు, ప్లగ్గు. వైర్లు పాతబడితే చీకట్లో, ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూస్తే సన్నని నీలి మెరుపులు కనిపిస్తాయి. చూడండి, తాకకండి. వర్షం కురిసిన ఉదయాలు మాత్రమే మిస్సింగ్ వస్తోందంటే మొదటి అనుమానం ఈ వైర్ల మీదే.

ప్లగ్గు తీసినప్పుడు పారేయకండి, ఏ సిలిండర్‌దో రాసి వరుసలో పెట్టండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. నల్లగా, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. మూడు ఒక రంగు, ఒకటి వేరే రంగు అయితే తేడా ఆ ఒక్కదానిదే. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే ఏ ఒక్క కాయిల్‌నూ నిందించలేం.

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ అన్నీ బాగుండి మిస్సింగ్ పోకపోతే కంప్రెషన్ కొలిపించండి. ఇది స్కానర్ చేయలేని పని, గేజి ఉన్న మెకానిక్ చేయాలి. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. సీఎన్‌జీ మీద ఎక్కువగా తిరిగిన కార్లలో వాల్వు సీట్లు అరిగి, ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని తోసే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని ఖాళీ) బిగుసుకుపోవడం మామూలే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడ్లింగ్‌లో కుదిపే బండ్లకు ఫీలర్ గేజితో ఆ క్లియరెన్స్ సరిచేస్తే పోయిన సందర్భాలున్నాయి. అసలు సీఎన్‌జీ కిట్ ఉన్న బండికి ఎవరి దగ్గరకు వెళ్లినా ముందుగా ఆ సంగతి చెప్పండి. మిస్సింగ్ గ్యాస్ మీదేనా, పెట్రోలు మీద కూడానా అన్నది పరీక్షించి చెబితే సగం వెతుకులాట తగ్గుతుంది. రెండిటి మీదా వస్తే ప్లగ్గులు, కాయిల్స్, కంప్రెషన్. గ్యాస్ మీద మాత్రమే అయితే కిట్ వేసినవారి దగ్గరకే.

ఆటోనగరా, కంపెనీ సర్వీసా?

నా ఓటు పదిలో ఎనిమిది సార్లు ఆటోనగర్‌కే, కానీ ఒక షరతు మీద. వెళ్లాల్సింది స్కానర్ ఉన్నవారి దగ్గరకు కాదు, స్కానర్‌తో పాటు మల్టీమీటర్ చేత్తో పట్టుకునేవారి దగ్గరకు. స్కానర్ ఈ రోజుల్లో ప్రతి షెడ్డులో ఉంది. దాని తర్వాత ఏం చేస్తారన్నదే తేడా.

పటమటలో మా బంధువుల 2011 మోడల్ కారుకు పీ0340 కోడ్ వచ్చేది. దారిలో ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోవడం, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్టవడం. ఒక చోట క్యామ్ సెన్సర్ మార్చారు. నెల తిరగకుండా మళ్లీ అదే కోడ్. రెండో సెన్సర్ కూడా పడింది. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, సెన్సర్ దగ్గర మొదలుపెట్టి వైరింగ్‌ను జానెడు జానెడు చొప్పున వేళ్లతో మెల్లగా కదుపుతూ వెళ్లారు. ఇనుప బ్రాకెట్ మీదుగా వైర్లు వంగే చోట వేలు పెట్టగానే ఇంజిన్ తడబడింది. "సెన్సర్ జోలికి వెళ్లకండి బాబూ, ముందు ఇక్కడ చూడండి" అని నల్ల టేపు విప్పారు. ఒక వైరు పైతొడుగు బ్రాకెట్ అంచుకు రాసుకుని పోయింది, లోపలి రాగి పచ్చబడి నాలుగైదు పోగులే మిగిలాయి. పాడైన ముక్క కోసి, కొత్త వైరు సోల్డర్ చేసి, స్లీవ్ వేసి, ఆ అంచుకు తగలకుండా క్లిప్పు కట్టారు. ఆయన తీసుకున్నది ఒక సెన్సర్ ధరలో చిన్న భాగం. ఆ కోడ్ మళ్లీ రాలేదు.

ఇలాంటివారిని ఎలా గుర్తుపట్టాలి? కోడ్ చూడగానే ధర చెప్పేవారి దగ్గర ఆగవద్దు. "ఏం పరీక్షించి ఈ పార్టు పోయిందంటున్నారు?" అని మర్యాదగా అడగండి. వోల్టేజి కొలిచాం, కాయిల్ మార్చి చూశాం, పొగ పెట్టి లీకు చూశాం అని చెప్పగలిగితే మంచి చేతుల్లో పడ్డట్టే. "ఈ కోడ్‌కు అందరూ ఇదే మారుస్తారు" అన్నది జవాబు కాదు. వెతికినందుకు విడిగా కూలి ఇస్తామని ముందే చెప్పండి. పార్టు అమ్మితేనే డబ్బు వచ్చే చోట పార్టే దోషిగా తేలుతుంది, వెతుకులాటకు విలువ ఇచ్చే కస్టమర్‌కు వైరు దొరుకుతుంది. గుంటూరు ఆటోనగర్‌లోనైనా ఇదే పద్ధతి.

కంపెనీ సర్వీసుకు వెళ్లక తప్పని పనులు కొన్ని ఉన్నాయి. తాళంలోని ఇమ్మొబిలైజర్ చిప్ ఈసీఎంతో కలవకపోవడం, ఈసీఎం మార్చాక ప్రోగ్రామింగ్, ఎయిర్‌బ్యాగ్ లైటు, కంపెనీ రీకాల్ ఏదైనా ఉందేమో చూడటం. వీటికి అక్కడి సాఫ్ట్‌వేర్ కావాలి. కానీ పాత బండికి వచ్చి పోయే మిస్సింగ్ పట్టుకోవడానికి గంటల ఓపిక కావాలి. రోజుకు ఇన్ని బండ్లు అన్న ఒత్తిడిలో ఉండే చోట ఆ ఓపిక దొరకడం కష్టం, పార్టు మార్చడం సులువు. అక్కడ ఇవ్వాల్సి వస్తే ఏం చేసినా ఫోను చేసి చెప్పాకే చేయాలనీ, తీసిన పాత పార్టు తిరిగి ఇవ్వాలనీ జాబ్ కార్డు మీద రాయించండి.

డీజిల్ కార్లకు ఈ సలహాలో చాలా భాగం వర్తించదు. కామన్ రైల్ ఇంజిన్‌లో మిస్సింగ్ వస్తే ఇంజెక్టర్ల రిటర్న్ లీకు కొలిచే డీజిల్ పంపు షాపుకు నేరుగా వెళ్లండి.

వరద చూసిన బండ్లు, ఇథనాల్ పెట్రోలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో మునిగిన కార్లలో చాలావాటిని బాగు చేసి రోడ్డెక్కించారు. అలాంటి బండికి నెలకో సెన్సర్ కోడ్ వస్తుంటే ఏ రీడరూ, ఏ సెన్సరూ తీర్చలేదు. కార్పెట్ కింద, సీట్ల కింద వెళ్లే వైరింగ్ కప్లర్లలో పట్టిన పచ్చని చిలుము అసలు సమస్య. ఒక్కో కప్లర్ విప్పి, శుభ్రం చేసి, పిన్నులు బిగించే ఎలక్ట్రీషియన్‌కు రెండు రోజుల కూలి ఇవ్వడం ఆరు సెన్సర్లు కొనడం కంటే చవక. సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నవారు డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తి ఒక కప్లర్ విప్పించి చూడటం మంచిది.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత ఇంజిన్ కాస్త ఎక్కువ ఇంధనం కలుపుకోవాలి. పూర్తి పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి సుమారు 14.7 పాళ్ల గాలి చాలితే, ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్లే సరిపోతుంది. అందుకని ట్రిమ్ కొన్ని పాయింట్లు పైకి జరగడం సహజం. అప్పటికే ఫిల్టరో ఇంజెక్టరో మూసుకుపోతున్న బండి మాత్రం ఈ కాస్త తేడాతోనే హద్దు దాటి పీ0171 చూపిస్తుంది. ఇథనాల్‌ను తిట్టుకుని ఊరుకోకుండా ఆ ఫిల్టర్ మార్పించండి. పాత రబ్బరు పైపులను కూడా ఓసారి నొక్కి చూడమనండి.

పార్టు మార్చక తప్పదని తేలితే

క్రాంక్, క్యామ్ సెన్సర్లు, ఆక్సిజన్ సెన్సర్, కాయిల్ ఈ నాలుగింటిలో పేరు లేని చవక సరుకు వద్దు. కంపెనీ డబ్బాలో వచ్చేవి కూడా చాలావరకు బాష్, డెన్సో వంటి తయారీదారులవే. అదే తయారీదారు పేరుతో విడిగా దొరికితే పార్టు నంబరు సరిచూసుకుని తీసుకోవచ్చు, ధర తగ్గుతుంది. ప్లగ్గుల్లో నకిలీలు ఎక్కువ, బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనండి. పాత బండ్ల నుంచి తీసినవాటిలో త్రాటిల్ బాడీ, కప్లర్లు, వైరింగ్ ముక్కలు నిక్షేపంగా వాడుకోవచ్చు. పాత ఆక్సిజన్ సెన్సర్ మాత్రం ఎంత చవకైనా తీసుకోవద్దు, వాడకంతో అరిగిపోయే వస్తువు అది. త్రాటిల్ బాడీ, మ్యాప్ సెన్సర్ మార్చమంటే ముందు శుభ్రం చేసి చూడమనండి. మసి పట్టిన బాడీని క్లీనర్‌తో తుడిచాక ఐడ్లింగ్ కుదురుకోవడం తరచూ జరిగేదే.

పని అయ్యాక కోడ్ చెరిపించి, తాళం తీసుకుని ఇంటికి వచ్చేయకండి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో కోడ్ పడినప్పుడు 80 కిలోమీటర్ల వేగం అని ఉంటే ఆ వేగంలోనే పరీక్షించాలి. ఊళ్లో ట్రాఫిక్‌లో తిప్పితే తేలదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వారధి దాటి మంగళగిరి దాకా జాతీయ రహదారి మీద వెళ్లి రండి, ఏసీ వేసి కొంతసేపు, ఆపి కొంతసేపు. తిరిగొచ్చాక స్కానర్‌లో పెండింగ్ కోడ్లు అన్న పేజీ తెరిపించండి. లైటు వెలగడానికి ముందే తేడా అక్కడ నమోదవుతుంది. అది ఖాళీగా ఉండి, ట్రిమ్ పది లోపుకు వచ్చి ఉంటే కూలి లెక్క చూసి ఇచ్చేయండి.